వాన కొలిచిన దిబ్బ

నేను అయిదో క్లాసు మూడేండ్లు చదివినవాణ్ణి. లెక్క ప్రకారం ఏడో క్లాసు చదివినట్టే గదా అని మా ఆవిడతో వాదిస్తా ఉంటా. ఆ మూడేండ్లూ తమిళ బడే. తెలుగు అక్షరాలు నాకు నేర్పిన అయ్యవార్లు వేలూరు బస్టాండులో ఆగే చిత్తూరు బస్సులు. ముందు అద్దం మీది బోర్డు చదివేలోపల బస్సు కదిలిపోయేది. అందుకని ఊర్ల పేర్లలో మొదటి సగం నాకు బాగా వచ్చు. ఈ రాతలో యాడైనా మాట సగంలో ఆగిపోయిందంటే, బస్సు వెళ్ళిపోయిందనుకోండి.

ఇంత చదువు పెట్టుకుని రాసేదానికి ఎందుకు కూర్చున్నానంటే, మా మామ పోయినాడు.

సొంత మామ కాదు. గుడియాత్తం నుంచి కే.వి.కుప్పం దాకా మట్టిపని చేసే తెలుగోళ్ళందరికీ ఆయన మామే. ఆ రోజు నేను పేర్ణాంబట్టు దోవలో ఒక కాలవ పనిమీద బుల్డోజరులో ఉన్నా. ఫోనొచ్చింది. "మామ లేడప్పా" అన్నారు. బండి ఆపి, దిగి, ఆ కాలవ గట్టుమీద బోర్లా పడుకున్నా. ఏడ్చేదానికి కాదు. ఏడిస్తే మన్ను బురదవుతుంది, కొలత తప్పుతుంది అని తిట్టేవాడు ఆయన. ఊరికే పడుకున్నా, ఆయన పడుకున్నట్టు. దోవన పొయ్యే ఒకాయన సైకిలు ఆపి, "తాగినావా?" అన్నాడు. "లేదన్నా, వాలు చూస్తాండా" అన్నా.

మామ నేలని చూసే తీరు అది. చెరువు గానీ, పునాది గానీ, మొదట ఆ నేలమీద బోర్లా పడుకునేవాడు. కుడిచెంప మట్టికి ఆనించి, ఎడమకన్ను మూసి, కుడికంటితో నేల చివర దాకా చూసేవాడు. ఎంతసేపు చూసేవాడంటే, మేము టీ తాగి, బీడీలు కాల్చి, నిద్రపోయినాడా లేదా అని పందెం వేసుకునేవాళ్ళం. లేచి, చెంపకంటిన మన్ను తుడుచుకోకుండానే "ఆ మూలకి జానెడు వాలు ఉండాది" అనేవాడు. ఇంజనీర్లు మూడుకాళ్ళ మిషను పెట్టి చూస్తే, జానెడుకి ఒక వేలు అటో ఇటో.

ఎవరైనా "ఇక్కడ తవ్వుదాం మామా" అంటే ఆయన అడిగేది ఒకటే. "నేలని అడిగినావా?"

నేను పెండ్లిచూపులకి పోయి వచ్చి "పిల్ల బాగుండాది మామా" అంటే గూడా "నేలని అడిగినావా?" అన్నాడు.

"పెండ్లికి నేలెందుకు మామా?"

"వాళ్ళింట్లో నేల ఎవరు ఊడ్చినారో కనుక్కున్నావా?"

కనుక్కోలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఊడ్చేది నేనే.

ఇంగొకటి, ఎర్రదారం. తనది అనుకున్న ప్రతిదానికీ ఒక ఎర్రదారం చుట్టేవాడు. పారకి, గడ్డపారకి, నీళ్ళచెంబుకి, చెప్పుకి. ఒక్క చెప్పుకే. రెండోది దాని వెనకాలే వస్తుంది గదా అనేవాడు. అత్త, అంటే ఆయన భార్య, ఒకసారి చెయ్యి చాపి "నాకు కట్టలేదే?" అనింది. "నువ్వు నాదని ఎవరన్నారు? నేనే నీది" అని తన మొలతాడు చూపించినాడు. అది గూడా ఎర్రదే. ఎర్రదారం ఉండే వస్తువు బంగారమైనా మా జట్టులో ఎవరూ ముట్టరు.

సాక్షి సంగతి గూడా ఇక్కడే చెప్పేస్తా. నేల తవ్వేటప్పుడు మధ్యలో ఒక దిమ్మను తవ్వకుండా వదిలేస్తాం. దాని నెత్తిమీద పాత గడ్డి అట్లే ఉంటుంది. ముందు నేల ఎంత ఎత్తున ఉండిందో, మేము ఎంత లోతుకు దిగినామో దాన్ని చూస్తే తెలిసిపోతుంది. మేము దాన్ని సాక్షి అంటాం. కొలత అయ్యేదాకా సాక్షిని ముట్టకూడదు. ఇప్పుడు కొలతలన్నీ మిషన్లే తీస్తాయి, సాక్షిని అడిగే దిక్కు లేదు. అయినా మా చేతులకి అలవాటు. వదలొద్దని చెప్పినా వదిలేస్తాయి. ఆ అలవాటే మమ్మల్ని రోడ్డున పడేయబోయింది. ఆ అలవాటే మమ్మల్ని గెలిపించింది.

కొన్నేండ్ల కిందటి మాట. పుదుచ్చేరి పొయ్యే దోవలో, సముద్రం పక్కన పని ఉందని మామకి ఫోనొచ్చింది. "గోల్ఫ్ ఆట మైదానం, పద్దెనిమిది గుంతలు" అన్నారంట. మామ వేళ్ళమీద లెక్కేసి "ఆరుమంది చాలు సార్, మధ్యాన్నానికి ముగించేస్తాం" అన్నాడు. అవతలోడు నవ్వి, పన్నెండు మందిని తీసుకుని రమ్మన్నాడు, వాళ్ళలో ఒకడు బుల్డోజరు డ్రైవరు ఉండాలన్నాడు. పన్నెండో వాణ్ణి, ఆ డ్రైవర్ని, నేనే.

పోయి చూస్తే నేల మా ఊరంత ఉండాది. గుంత చూస్తే చెంబు దిగేంత.

"ఈ చెంబు గుంతలకా ఇంత నేల!" అని మామ పొట్ట పట్టుకుని నవ్వినాడు. "ఒక గుంతనుంచి ఇంగో గుంతకి పోవాలంటే సద్దికూడు కట్టుకోవాల గదప్పా!"

ఆ నేలంతా ఇసక దిబ్బలు. ఎనుముల మంద పడుకున్నట్టు ఒకదాని వెనక ఒకటి. ఎవరూ కట్టినవి కావు, గాలి కట్టినవి. వాటిమీద ముండ్లముండ్లుగా ఒక గడ్డి, రావణుడి మీసం అంటారు దాన్ని. నేను ఒక పోచ పీకి మూతిమీద పెట్టుకుని చూపిస్తే, "మీసం సరే, ఆ తలకాయల్లో ఒకటన్నా తెచ్చుకోలేకపోయినావా" అన్నాడు మామ.

పని చేయించే ఇంజనీరు కుర్రోడు, తమిళాయన. మంచోడే. పెద్ద కాయితం పరిచి చెప్పినాడు. ఈ దిబ్బలన్నీ కొట్టి చదును చెయ్యాల. తర్వాత కంప్యూటరులో గీసిన దిబ్బలు కట్టాల. అవి సహజంగా ఉండేట్టు కనబడాల.

మామకి నేను తెలుగులో చెప్పినా. ఆయన తల గోక్కున్నాడు. "అంటే, ఉండే దిబ్బని కొట్టి, ఉండేట్టు కనబడే దిబ్బని కట్టాల. అంతేనా?"

"ఆమాం, కరెక్ట్" అన్నాడు ఇంజనీరు, సంతోషంగా.

"సరే సార్" అన్నాడు మామ.

నవ్వినాడు, ఒప్పుకున్నాడు. ఆ రోజు మాత్రం నేలమీద పడుకోలేదు. పాలారు ఇసకలో పుట్టి పెరిగినవాడు, ఇసకే గదా అనుకున్నాడో ఏమో. ఆయన పడుకోని పని నా ఎరుకలో అదొక్కటే.

నెల దినాలు నేను దిబ్బలు కొడతానే ఉన్నా. సగం నేల చదునయింది. దాంట్లో కొత్త దిబ్బలు లేచినాయి, బోర్లించిన ఇడ్లీల మాదిరి నున్నగా, వరసగా. వాటి నడుమ, ఆట ఆడే దోవకి అడ్డంగా, గుడిసె అంత ఎత్తున ఒక సాక్షి. ఎవరు వదిలినారంటే ఎవరికీ తెలీదు. పారలు పట్టినోళ్ళు బండి వదిలిందన్నారు. బండి నడిపిన నేను పారలు వదిలినాయన్నా. అందరి చేతులూ కలిసి వదిలేసినాయి.

ఒక పొద్దున మామ ఆ సాక్షి ఎక్కి, దానిమీద బోర్లా పడుకున్నాడు. మేము టీ తాగినాం. బీడీలు కాల్చినాం. ఆయన లేవలేదు. నేను పోయి చూస్తే, చెయ్యి మోచేతి దాకా ఇసకలో పెట్టుకుని ఉండాడు.

"చెయ్యి పెట్టి చూడు అల్లుడా."

పెట్టినా. పైన పెనం మాదిరి కాలతా ఉండాది. లోపల సల్లగా తడి. వేర్లు చేపల వల మాదిరి చేతికి చుట్టుకున్నాయి. పక్కన మేము కట్టిన ఇడ్లీలో పెడితే బుజం దాకా దిగిపోయింది, ఒట్టి పొడి.

"పాలారు ఇసకని నీళ్ళు తెచ్చి పోసిపోతాయి. అది పడుకునే ఉంటుంది" అన్నాడు. "ఇది గాలి తెచ్చింది. గాలి తెచ్చినదాన్ని పట్టుకునేదానికి ఒకడుండాల. ఈ మీసమోడు పట్టుకున్నాడు. మనం మీసం గొరిగేసినాం." కాసేపు సముద్రం పక్క చూసినాడు. "అడగలేదప్పా. నేనే అడగలేదు."

అంత పెద్దమనిషి అట్ల అంటే నాకు ఎకసెక్కం ఆడేదానికి నోరు రాలేదు. అదీ నా ఎరుకలో ఒక్కసారే.

ఆ సాయంత్రమే ఇంజనీరు సాక్షిని చూసినాడు. "ఎన్న ఇదు? నడుమ ఈ ముద్ద ఏంది?"

"సాక్షి సార్" అన్నాడు మామ. "కొలత అయ్యేదాకా కొట్టకూడదు."

"కొలత అయిపోయింది. మిషను తీసేసింది."

"మీ మిషను మేము తవ్వింది కొలిచింది సార్. మేము కట్టింది నిలబడుతుందా, గాలి కట్టింది నిలబడుతుందా, అది ఇంగా ఎవరూ కొలవలేదు. అది వాన కొలవాల. అంతదాకా సాక్షి ఉండనీండి. ఆ పక్కన కొట్టని దిబ్బల్ని గూడా ఉండనీండి."

ఇంజనీరు మొగం ఎర్రబడింది. ఆయన మీదా పైవాళ్ళుండారు. ప్లాను గీసిన దొర ఆ వారమే విదేశంనుంచి వచ్చి చూస్తాడంట. "రేపు పొద్దున్నే ఈ ముద్ద ఉండకూడదు. ఇది ఉంటే, మీ పన్నెండుమంది ఉండరు."

నలభై ఏండ్ల మట్టిపనిలో మామని పనిలోనించి పొమ్మన్నవాడు లేడు. పన్నెండు ఇండ్లలో పొయ్యి వెలగాలంటే ఆ పని కావాల. మామ సంగటి తిని, చెంబెడు నీళ్ళు తాగి, పడుకున్నాడు.

తెల్లారింది. చొక్కా కొయ్యకి తగిలించి మొగం కడుక్కోను పోయినా. వచ్చి జేబు తడిమితే బండి తాళంచెవి లేదు. ఆ బండికి అక్కడుండేది ఒకటే చెవి, రెండోది చెన్నై ఆఫీసులో. గుడ్డలన్నీ దులిపినా, ఇసక జల్లించినా. లేదు. ఒక్క నిజం చెప్తా, ఊర్లో ఎవరికీ చెప్పకండి. చెవి దొరికుంటే నేను బండి తీసేవాణ్ణే. మామంటే ప్రాణమే. కానీ పన్నెండు ఇండ్లు గూడా ప్రాణాలే గదా.

అంతలో ఇంజనీరు వచ్చినాడు. అప్పటికే మామ సాక్షి మీద ఎల్లకిలా పడుకుని, మొగంమీద తువ్వాలు కప్పుకుని ఉండాడు. బండికి ఎదురుగా! జట్టంతా చుట్టూ నిలబడి నన్నే చూస్తాండారు.

"వండి ఎడు! తీయి బండి!" అన్నాడు ఇంజనీరు.

చెవి పారేసుకున్నానంటే పరువేమైపోవాల? నా నోరు ఎట్లాంటిదో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. రొమ్ము విరుచుకుని "తాళంచెవి సముద్రంలో విసిరేసినా సార్! మా మామ మీద బండి ఎక్కించేవాణ్ణి కాదు నేను!" అన్నా.

జట్టంతా ఈలలు, చప్పట్లు. మామ తువ్వాలు కొంచెం ఎత్తి, ఒక్క కంటితో నన్ను చూసినాడు. నేల వాలు చూసే చూపే అది. మళ్ళీ కప్పుకున్నాడు. నా తెగువకి పొంగిపోయినాడనుకున్నా.

ఇంజనీరు చెన్నైకి ఫోను చేసి, రెండో చెవి రేపు వస్తుందన్నాడు. మామ తువ్వాలు కిందనుంచే ఒక పిడికెడు ఇసక పైకి విసిరినాడు. రోజూ సముద్రం పక్కనుంచి వచ్చి పడే ఇసక ఆ రోజు సముద్రం పక్కకే పోయి పడింది, గాలి తిరిగింది.

"రేపటి సంగతి గాలిని అడగండి సార్" అన్నాడు.

మధ్యాన్నం మైకు కట్టిన కారొకటి వచ్చింది. తుపాను, సముద్రం పక్క ఎవరూ ఉండొద్దని అరిచింది. మమ్మల్ని ఊరిలోపల ఒక కల్యాణమండపంలో పెట్టినారు. రెండు పగళ్ళు వాన గోడల్ని కొడతానే ఉండింది. మేము పెండ్లికొడుకు కూర్చునే కుర్చీలో వంతులు వేసుకుని కూర్చున్నాం. ఇంజనీరు ఒక మూల మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. మామే పోయి ఆయనకి టీ ఇచ్చి వచ్చినాడు.

మూడోనాడు తిరిగి పోతే, నేను మొదట తప్పు చోటుకొచ్చినామనుకున్నా. ఇడ్లీలు లేవు. నెల దినాలు కట్టిన దిబ్బలన్నీ సాంబారులో నానిన మాదిరి కరిగి, వాటి ఇసకంతా చదును మీద పరుచుకుని ఉండాది. పక్కన మేము కొట్టని దిబ్బలు కొట్టనట్టే ఉన్నాయి, ఎనుములు స్నానం చేసి పడుకున్నట్టు. నడుమ, ఒంటరిగా, సాక్షి. తగ్గలేదు, పెరిగింది! మా ఇడ్లీల ఇసకనే మీసంలో పట్టుకుని మూరెడు పెరిగింది.

మామ కేకలు వెయ్యలేదు. పోయి దాని పక్కన నిలబడి, కొత్త ఎత్తు ఎంతో చేత్తో కొలిచి, "ఇప్పుడు అయింది కొలత" అన్నాడు.

అప్పుడే కారు దిగినాడు దొర. తెల్ల మీసాలు, చేతిలో కర్ర, మామ వయసే ఉంటుంది. ఇంజనీరు ఏదో చెప్పబోయినాడు. దొర వినలేదు. నేరుగా సాక్షి దగ్గరికి పోయినాడు. దాని చుట్టూ ఒకసారి తిరిగినాడు. రెండోసారి తిరిగినాడు. కర్ర పక్కన పెట్టి, ఇస్త్రీ చొక్కాతోనే బోర్లా పడుకున్నాడు. చెంప నేలకి ఆనించినాడు. ఒక కన్ను మూసినాడు.

మామ ఒక్క నిమిషం చూసినాడు. తువ్వాలు నడుముకి చుట్టుకుని, ఎదురుగా ఆయనా పడుకున్నాడు. ఇద్దరు ముసలోళ్ళు, ఇసకలో, ఒంటికంటితో ఒకర్నొకరు చూసుకుంటా! మేము పందెం వేసుకోను గూడా మరిచిపోయినాం.

లేచి దొర చాలాసేపు మాట్లాడినాడు. ఇంజనీరు తమిళంలో చెప్పినాడు, నేను తెలుగులో చెప్పినా. వాళ్ళ దేశంలో ఈ ఆట మొదట పుట్టింది ఇట్లాంటి దిబ్బల్లోనే అంట. ఎవరూ కట్టలేదంట. గాలి కట్టిందంట, గొర్రెలు గడ్డి మేసినాయంట, మనుషులు పోయి చెంబు గుంతలు మాత్రం తవ్వుకున్నారంట. తాను ఎంత బాగా గీసినా గాలి గీసినట్టు రాదని ఆయనకి తెలుసంట. ఈ ముద్దని ఎవరు వదిలినారు, వాళ్ళని చూడాల అన్నాడంట.

"పన్నెండుమందిమి వదిలినాం అని చెప్పు" అన్నాడు మామ.

చెప్పినా. దొర పన్నెండుమంది చేతులూ పట్టి ఊపినాడు. మిగిలిన దిబ్బల్ని ఒక్కటి గూడా కొట్టొద్దన్నాడు. ఆటే దిబ్బల చుట్టూ తిరిగి పోవాలన్నాడు. కొట్టినచోట మీసం గడ్డి నాటమన్నాడు. ఆ నాట్లు చేత్తో వెయ్యాల, బండి పనికిరాదు. మా పన్నెండు ఇండ్లకి ఆ ఏడంతా పని. మామ తన రొంటినించి ఎర్రదారం తీసి దొర కర్రకి చుట్టినాడు. "ఇంగ నువ్వు మావాడివి" అన్నాడు. ఇది మాత్రం నేను తర్జుమా చెయ్యలేదు. అవసరం రాలేదు.

సాయంత్రం ఇంజనీరు వచ్చి మామ పక్కన కూర్చున్నాడు. తల దించుకుని "అయ్యా, ఎట్లా పడుకోవాల?" అన్నాడు.

"ముందు ఆ వాచీ తీసెయ్యి నాయనా" అన్నాడు మామ.

పని అయిపోయి మేము ఊరికి బయల్దేరే రోజు, మళ్ళీ వచ్చిన దొర మామ చేతికి ఆట కర్ర ఇచ్చి ఒక దెబ్బ కొట్టమన్నాడు. మామ బోర్లా పడుకుని చూసి, లేచి, బంతిని గుంత పక్కకి కాకుండా సాక్షి పక్కకి కొట్టినాడు. మేము ఘొల్లుమన్నాం. బంతి సాక్షి బుజం ఎక్కింది, వంగింది, దిగి వచ్చి గుంతకి జానెడు దూరంలో ఆగింది. దొర టోపీ తీసి గాల్లోకి ఎగరేసినాడు.

"గుంతలో పడలేదే మామా?" అన్నా.

"పడితే ఆట అయిపోతుంది గదరా" అన్నాడు.

ఇప్పుడు అక్కడ కార్లలో వచ్చి ఆడతాండారు. మా సాక్షిని దాటలేక దాన్ని తిట్టుకుంటా, దాని పక్కన నిలబడే ఫొటోలు దిగతాండారంట. మళ్ళీ ఎన్ని తుపానులొచ్చినాయో. అది అట్లే ఉండాది.

మామ పోయిన పదహారోనాడు, కర్మకి, గుడియాత్తం పక్కన వాళ్ళింట్లో జనం బాగా చేరినారు. పొన్నై నుంచి గూడా వచ్చినారు. భోజనాలయినాక ఈ కథ నేనే ఎత్తుకున్నా. ఎప్పుడూ చెప్పేట్టే చెప్పినా. బండి, ఇంజనీరు, రొమ్ము విరుచుకున్నది. "మామ కోసం తాళంచెవి సముద్రంలోకి గిరవాటేసినా, అత్తా! అంత దూరం!" అని చెయ్యి విసిరి చూపించినా.

అత్త లేచి లోపలికి పోయింది. మామ రేకుపెట్టె తెచ్చి నా ముందర పెట్టి మూత తీసింది. లోపల ఒక చొక్కా, ఒక బంతి. వాటి పక్కన ఒక తాళంచెవి. దానికి ఎర్రదారం.

అత్త నా మొగం చూసింది, పెట్టెలోకి చూసింది.

"నువ్వు విసిరిన సముద్రం ఇదేనా నాయనా? కొంచెం చిన్నదిగా ఉండాదే!"